హంతకుడు ముప్పయ్యో పేజీకే దొరికిపోతున్నాడంటే: సరిహద్దు నేపథ్యంలో క్రైమ్ థ్రిల్లర్ రాసేవాళ్లకు

పర్లాకిమిడి నుంచి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండుంపావు గంటల తెలుగు క్రైమ్ థ్రిల్లర్‌కి స్క్రిప్టు రాశారు. హిరమండలంలో హత్య, కాశీనగర్ దగ్గర వంశధారలో శవం, హీరో పాతపట్నం ఎస్సై. వర్షం, రెడ్ హెర్రింగ్ (తప్పుదారి పట్టించే అనుమానితుడు), ఇంటర్వెల్‌కి రెండో శవం, సైకో ఫ్లాష్‌బ్యాక్, చివర్లో ట్విస్టు అన్నీ పెట్టారు. అయినా చదివినవాళ్లందరూ ముప్పయ్యో పేజీకే "ఆ కాంపౌండరే కదా" అనేస్తున్నారు. ఏ రూలు తప్పానని మీ ప్రశ్న.

ఏ రూలూ తప్పలేదు. పాఠకుడు పట్టుకున్నది కాంపౌండర్ని కాదు, ఖాళీని. మీ కథలో హత్య చేయడం తప్ప వేరే పని లేని మనిషి అతనొక్కడే. ఎస్సై దర్యాప్తు చేస్తాడు, సర్పంచి అడ్డుపడతాడు, ఇసుక లారీవాడు పారిపోతాడు, హతురాలి తండ్రి ఏడుస్తాడు. కాంపౌండర్ మాత్రం నాలుగు సీన్లలో టీ తెచ్చిస్తాడు, నవ్వుతాడు, మాత్రలిస్తాడు. సినిమాలు చూసీ చూసీ ముదిరిన ప్రేక్షకుడు కథలో పనిలేని మంచివాణ్ని చూడగానే వేలు చూపిస్తాడు. ఆధారాలతో పనే లేదు, కూడికలూ తీసివేతలూ చాలు.

కాబట్టి మందు ట్విస్టు మార్చడం కాదు. హంతకుడికి కథ నడవడానికి తప్పనిసరైన ఒక పని ఇవ్వడం. మీ ఊళ్లో ఆ పని రెడీగా ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను. ముందు నది సంగతి చూడాలి, ఎందుకంటే అది తేలకపోతే మిగతాదంతా గాలిలో మేడే.

నది వెనక్కి పారదు

వంశధార ఒడిశాలో పుట్టి, గుణుపూర్, కాశీనగర్ మీదుగా దిగి, శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. హిరమండలంలో పడేసిన శవం కాశీనగర్‌లో తేలడం జరిగే పని కాదు. విజయవాడలో కూర్చుని చూసేవాడికి ఇది తెలియకపోవచ్చు. మీ జిల్లాలో ప్రతి పిల్లవాడికీ తెలుసు, సినిమా మొదట చూసేదీ వాళ్లే. తిప్పి రాయండి: హత్య కాశీనగర్ వైపు, శవం గొట్టా బ్యారేజీ గేట్ల దగ్గర. బ్యారేజీ ఉన్నది హిరమండలం మండలంలో కాబట్టి హీరోని అక్కడి స్టేషన్‌కి మార్చండి. పాతపట్నం ఎస్సైకి ఆ శవంతో సంబంధం ఉండదు.

ఇంకో మెలిక ఉంది. ఎండాకాలంలో వంశధార చాలాచోట్ల ఇసుక మధ్య పాయలుగా ఉంటుంది. శవం కొట్టుకుపోవడానికి ఆ నీళ్లు చాలవు, మొదటి ఇసుక తిన్నె దగ్గరే ఆగిపోతుంది. కథ ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య నడవాలి. అలా అయితే మీ వర్షం కూడా పోస్టరు కోసం పెట్టిన వర్షంలా కాకుండా కథకి అవసరమైన వర్షం అవుతుంది. ఈ జాన్రాలో వర్షాన్ని ఊరికే కురిపిస్తారు. అది ఒక్క పనైనా చేయాలి: అడుగుజాడ చెరపాలి, కరెంటు తీసేయాలి, లేదా మీ కథలోలా శవాన్ని రాష్ట్రం దాటించాలి.

ఈ ఒక్క మార్పుతో ఇంకోటి మీ చేతికి వస్తుంది. శవం ఆంధ్రలో, సాక్షులు ఒడిశాలో. శవ పంచనామా తెలుగులో రాస్తారు, సాక్షులు ఒడియాలో మాట్లాడతారు. మధ్యలో రెండు భాషలూ వచ్చిన మనిషి కావాలి. మీ కాంపౌండర్‌కి ఉద్యోగం దొరికింది. దుబాసీ.

మూడు గడుల లెక్క

థ్రిల్లర్ ఆచారాలన్నీ, రెడ్ హెర్రింగ్ అన్నా ట్విస్టు అన్నా సస్పెన్స్ అన్నా, ఒకే లెక్కకు వేర్వేరు పేర్లు. ఒక పెద్ద కాగితం తీసి ప్రతి సీనుకీ మూడు గడులు గీయండి: ఈ సీను అయ్యేసరికి ప్రేక్షకుడికి ఏం తెలుసు, పోలీసుకు ఏం తెలుసు, నేరస్థుడికి ఏం తెలుసు.

ప్రేక్షకుడికి పోలీసు కంటే ఎక్కువ తెలిస్తే అది సస్పెన్స్. కానిస్టేబుల్ వరండాలో టీ తాగుతుంటాడు, అతని వీపు వెనక దండెం మీద రక్తపు మరక పూర్తిగా పోని తువ్వాలు ఆరుతుంటుంది, మనకు కనిపిస్తుంది, అతనికి కనిపించదు. ఇద్దరికీ సమానంగా తెలిస్తే అది మిస్టరీ. పోలీసుకే ఎక్కువ తెలిసి మన దగ్గర దాస్తే అది మోసం, మూడు నిమిషాల కంటే ఎక్కువ నడపకూడదు. "నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది సార్" అని చివర్లో చెప్పే హీరోని చూసి జనం చప్పట్లు కొట్టిన కాలం పోయింది.

వరసగా అయిదు సీన్లలో మూడు గడులూ మారకుండా ఉంటే కథ అక్కడ చచ్చిపోయిందని అర్థం. ఆ అయిదింటినీ ఒకటి చేయండి. మీరు పంపిన సారాంశం ప్రకారం ఇరవై రెండు నుంచి ముప్పయి ఒకటి పేజీల మధ్య మీకు ఇదే జరుగుతోంది. ఎస్సై నలుగురిని కలుస్తాడు, నలుగురూ "తెలీదు బాబూ" అంటారు. ఆ ఖాళీలోనే పాఠకుడు బుర్రకి పనిపెట్టి కాంపౌండర్ని పట్టేశాడు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ మతగురువు డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మొదటిదే ఇది: నేరస్థుడు కథ మొదట్లోనే కనపడాలి, కానీ అతని మనసులో మాట పాఠకుడికి వినపడి ఉండకూడదు. సినిమాకి దీన్ని అన్వయిస్తే, హంతకుణ్ని ఒంటరిగా గదిలో చూపించకండి. ఒంటరి సీను అంటే కెమెరా అతని మనసులోకి వెళ్లినట్టే. అక్కడ అతను మామూలుగా కూర్చుంటే తర్వాత ప్రేక్షకుడు అబద్ధమాడారంటాడు, కంగారుగా కూర్చుంటే దొరికిపోతాడు. అతని ప్రతి సీనులో పక్కన మరో మనిషి ఉండాలి. దుబాసీకి అది సహజంగా కుదురుతుంది, ఇద్దరు మనుషులు లేకుండా అతనికి పనే లేదు.

ఆధారం ఒకటి, తాకిడి మూడు

ప్రతి ముఖ్యమైన ఆధారం మూడుసార్లు కథని తాకాలి. మొదటిసారి కనపడాలి, రెండోసారి తప్పుగా అర్థం కావాలి, మూడోసారి తలుపు తెరవాలి. మొదటిదానికీ మూడోదానికీ మధ్య కనీసం ఇరవై పేజీలుండాలి. పేజీకి ఒక నిమిషం లెక్కన ఇరవై నిమిషాలు. అంతకంటే దగ్గరైతే చెవిలో ఊదినట్టుంటుంది, డెబ్బై పేజీలు దాటితే ప్రేక్షకుడు మరచిపోతాడు, మధ్యలో ఒకసారి గుర్తుచేయాలి.

మీ నేల మీద మొలిచిన ఆధారం ఒకటి చూడండి. హతురాలు ఒడియా అమ్మాయి. ఆ రాత్రి ఆమె "నానీ, నానీ" అని అరవడం తెలుగాయన ఒకాయన విన్నాడు. హిరమండలం పోలీసులకు నాని అంటే మగవాడి ముద్దుపేరు. వెతికితే నాని అనేవాడు ఒకడు దొరకనే దొరుకుతాడు, ఆ రాత్రి ఎక్కడున్నాడో చెప్పడు, ఎందుకంటే దొంగ ఇసుక తోలుతున్నాడు. కానీ ఒడియాలో నానీ అంటే అక్క. సొంత అక్కే కానక్కర్లేదు, పెద్దదైన పక్కింటామె కూడా నానీయే. ఆ అమ్మాయి పిలిచింది సాయానికి, హంతకుడి పేరు చెప్పడానికి కాదు. ఆ పక్కింటామె అంతా చూసింది, భయపడి పుట్టింటికి పోయింది. దుబాసీకి నానీ అంటే ఏమిటో తెలుసు. అతను అబద్ధం చెప్పలేదు, తప్పుగా అనువదించలేదు, ఊరికే నోరు మూసుకున్నాడు.

ఇక మూడు తాకిడులు. పన్నెండో పేజీలో కాశీనగర్ బస్టాండులో వెనకగా ఒక పిల్లాడు "నానీ" అంటూ పెద్దపిల్ల వెనక పరిగెత్తుతాడు. సబ్‌టైటిల్ వద్దు, క్లోజప్ వద్దు, ముందు వరసలో హీరో ఫోను మాట్లాడుతుంటాడు. ఇరవై ఎనిమిదో పేజీలో సాక్షి మాట, నాని కోసం వేట. తొంభయ్యో పేజీలో హీరో అదే బస్టాండులో, ఈసారి చెవిలో ఫోను లేకుండా. గుణుపూర్, రాయగడ, బరంపురం ప్రేక్షకులు ఇరవై ఎనిమిదిలోనే పసిగడతారు. పసిగట్టనివ్వండి. వాళ్లకి అప్పటినుంచి అది సస్పెన్స్, మిగతావాళ్లకి మిస్టరీ. ఒకే సీను రెండు రకాల ప్రేక్షకులకు రెండు రకాలుగా పనిచేయడం సరిహద్దు కథకి మాత్రమే దక్కే లాభం.

ఇప్పుడు హంతకుణ్ని పట్టించే ఆధారం వేరేది కావాలి, ఎందుకంటే నోరు మూసుకోవడం నేరంగా నిలబడదు. దానికి "కాలి" అనే మాట ఉంది. ఒడియాలో కాలి అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు, క్రియని బట్టి తేలుతుంది. దుబాసీ ముసలాయన్ని ఒడియాలో "వాడు ఎప్పుడు వచ్చాడు" అని అడుగుతాడు. ముసలాయన ఒక్క మాటలో "కాలి" అంటాడు. దుబాసీ ఎస్సై వైపు తిరిగి "రేపొస్తాడంట సార్" అంటాడు. పోలీసులు రేపటి కోసం మాటువేసి ఒక రోజు పోగొట్టుకుంటారు. కొత్త నేర ప్రక్రియ చట్టం, అంటే బీఎన్‌ఎస్‌ఎస్, 180వ సెక్షన్ ప్రకారం సాక్షి వాంగ్మూలాన్ని ఆడియో, వీడియోలో రికార్డు చేయవచ్చు. ఆ వీడియో కేస్ ఫైల్లో పడి ఉంటుంది. నూటపదో పేజీలో పర్లాకిమిడి స్టేషన్ మహిళా కానిస్టేబుల్ దాన్ని యథాలాపంగా చూసి, "సార్, ప్రశ్నే 'వచ్చాడు' అని ఉంది కదా, జవాబు 'రేపు' ఎలా అవుద్ది?" అంటుంది. దొరికింది జవాబులో కాదు, ప్రశ్నలో. అదీ ప్రేక్షకుడి కళ్లముందే ఉన్నది.

రెడ్ హెర్రింగ్‌కి సొంత నేరం ఉండాలి

మీ లారీవాడు ఎందుకు పారిపోతున్నాడో కథలో కారణం లేదు. పోలీసుని చూసి పరిగెత్తాడు కాబట్టి అనుమానం, అంతే. ఇలాంటివాడు తేలిపోగానే ప్రేక్షకుడికి తన సమయం దోచుకున్నట్టుంటుంది. తప్పుడు అనుమానితుడి దగ్గర నిజమైన చిన్న తప్పు ఒకటుండాలి, హత్య కేసులోంచి బయటపడాలంటే ఆ చిన్న తప్పు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే వాడు నష్టపోవాలి. అప్పుడు వాడి మౌనానికి బరువొస్తుంది. పూర్తిస్థాయి అనుమానితులు ముగ్గురు చాలు. అయిదుగురుంటే ఎవరి ముఖమూ గుర్తుండదు.

చిన్న తప్పుగా గంజాయి వద్దని నా సలహా. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు అనగానే అదే రాయడం అలవాటైపోయింది, పైగా అది చిన్న తప్పు కాదు. మాదకద్రవ్యాల చట్టం ఎన్డీపీఎస్‌లో గంజాయికి ఒక కిలో వరకే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్ల నుంచి మొదలు. హత్య కేసు తప్పించుకోవడానికి ఎవడూ దాన్ని ఒప్పుకోడు. ఇసుక, రేషన్ బియ్యం, మరొకరి భార్యతో స్నేహం... ఇవి పనికొస్తాయి.

పోలీసు పద్ధతిలో తరచు జరిగే పొరపాట్లు

ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే స్క్రిప్టులు ఎక్కువగా బోర్లా పడేది ఇక్కడే.

కథ కాలం 2024 జూలై 1 తర్వాతైతే "మూడు వందల రెండు పెడతా" అనే డైలాగు చెల్లదు. ఆ రోజు నుంచి హత్యకి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 103. గుర్తుతెలియని శవం దొరికితే మొదటే హత్య కేసు కట్టరు. అనుమానాస్పద మృతిగా, పాత నేర ప్రక్రియ చట్టం 174, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద నమోదు చేసి, పోస్ట్‌మార్టం తర్వాత సెక్షన్ మారుస్తారు. ఈ మధ్య రోజులు మీకు బంగారం. పైవాళ్లు "నీళ్లలో పడి చచ్చిపోయింది, మూసేయ్" అనగలిగేది అప్పుడే. ఇంకోటి, ఏపీలో హత్య కేసు దర్యాప్తు సాధారణంగా సీఐ చేతికి వెళ్తుంది. మీ ఎస్సై ఒక్కడే అంతా చేసేస్తుంటే నమ్మరు. కేసు చేజారిన ఎస్సై పక్కనుండి తవ్వడం ఇంకా మంచి కథ, విడిగా "సస్పెన్షన్ ఆర్డర్" సీను రాసుకునే అవసరం తప్పుతుంది.

ఒడిశా వైపు స్టేషన్‌కి పెద్దని ఐఐసీ (ఇన్‌స్పెక్టర్ ఇన్‌చార్జ్) అంటారు, సీఐ అనరు. ఈ ఒక్క మాట సరిగా పడితే సగం నమ్మకం వచ్చేస్తుంది. "మా పరిధి కాదు, అటు వెళ్లండి" అనే పాత సీను ఇప్పుడు బలహీనం. జీరో ఎఫ్‌ఐఆర్‌ని బీఎన్‌ఎస్‌ఎస్ 173 నేరుగా గుర్తించింది, ఏ స్టేషన్‌లోనైనా రాయించుకుని సంబంధిత స్టేషన్‌కి పంపాలి. రెండు స్టేషన్ల గొడవ కావాలంటే ఎఫ్‌ఐఆర్ దగ్గర పెట్టకండి, ఆ తర్వాత పెట్టండి: ఎవరి డాక్టరు, ఎవరి ల్యాబు, సాక్షి ఎవరి జీపెక్కాలి.

అరెస్టు చేసిన మనిషిని ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. పర్లాకిమిడి, పాతపట్నం పక్కపక్కనే ఉన్న ఊళ్లు, అక్కడ ట్రాన్సిట్ రిమాండ్ (నిందితుణ్ని వేరే రాష్ట్రానికి తీసుకెళ్లడానికి కోర్టు అనుమతి) పేరుతో ఉత్కంఠ లాగలేరు. అది కావాలంటే హంతకుణ్ని రాయపూర్ దాకా పారిపోనివ్వండి. రాయగడలో విజయనగరం, రాయపూర్ రైలు లైను ఉండనే ఉంది.

రాత్రి వర్షంలో, టార్చి వెలుగులో పోస్ట్‌మార్టం సీను ఉంది మీ దగ్గర. తీసేయండి. 2021 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత పోస్ట్‌మార్టానికి అనుమతిచ్చింది, కానీ హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్లిన శవం, అనుమానాస్పదం అయితే శాంతిభద్రతల అవసరం ఉంటే తప్ప రాత్రి చేయకూడదన్న మెలిక అందులోనే ఉంది. మీ శవం ఆ జాబితాలో కనీసం రెండింటికి సరిపోతుంది. తెల్లారేదాకా మార్చురీ బయట కూర్చోవడం టార్చి సీను కంటే బాగుంటుంది.

డాక్టరు "రాత్రి పదకొండు ఇరవైకి చనిపోయింది" అనడు. గంటల వ్యవధి చెబుతాడు. శవం బిగుసుకోవడం రెండు మూడు గంటల్లో కనురెప్పలు, దవడ దగ్గర మొదలై, సుమారు పన్నెండు గంటలకు ఒళ్లంతా వ్యాపిస్తుంది, మన వేడికి ఇంకా ముందే వచ్చి ముందే పోతుంది. రక్తం కిందివైపు దిగి ఏర్పడే మచ్చలు ఆరు నుంచి ఎనిమిది గంటల్లో స్థిరపడతాయి. వెల్లకిలా దొరికిన శవానికి మచ్చలు ఛాతీ మీదుంటే ఎవరో తిప్పారని అర్థం. పొడి నేల మీద శవానికి ఇది మంచి ఆధారం. నదిలో కొట్టుకొచ్చిన శవం దొర్లుతూ వస్తుంది, మచ్చలు సరిగా ఏర్పడవు కూడా. మీ స్క్రిప్టులో ఇది పెట్టి పొరబడ్డారు.

నీళ్ల శవానికి పనికొచ్చేది డయాటమ్ పరీక్ష. నీటిలో సిలికా పెంకుతో ఉండే సూక్ష్మజీవులు ఇవి. మనిషి బతికుండగా మునిగితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా పోతాయి. చనిపోయాక పడేస్తే మజ్జలోకి చేరవు. మజ్జలో దొరికినవి నదివి కాకుండా చెరువువైతే? మునిగింది ఒకచోట, తేలింది ఒకచోట. అయితే పోల్చడానికి ఆ చెరువు నీళ్ల నమూనా కూడా తీసి పంపాలి, పరీక్ష మీద నిపుణుల్లోనే వాదాలున్నాయి కాబట్టి దీన్ని దారి చూపే ఆధారంగానే వాడండి, కేసు గెలిపించే ఆధారంగా వద్దు. ఫలితం అదే సాయంత్రం వాట్సాప్‌లో రాదు. వారాలు పడుతుంది.

క్లోరోఫామ్ రుమాలు గురించి ఒక్క మాట: ముక్కు దగ్గర పెట్టగానే పడిపోరు, నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాలన్నీ మనిషి పెనుగులాడతాడు. కాంపౌండర్ కథలో ఇది రాయడం మరీ చిన్నతనం, అతనికే ముందు తెలియాలి.

సెల్ టవర్ చుక్క చూపించదు, ఒక ప్రాంతం చూపిస్తుంది, పల్లెల్లో అది కొన్ని కిలోమీటర్లు. పైగా ఏపీ, ఒడిశా వేర్వేరు టెలికాం సర్కిళ్లు. పర్లాకిమిడి అంచున ఇంట్లో పడుకున్నవాడి ఫోను కూడా అటువైపు టవర్ పట్టుకోవచ్చు. సీడీఆర్‌లో (కాల్ రికార్డుల్లో) "రాష్ట్రం దాటాడు" అని కనిపించినంత మాత్రాన మనిషి దాటినట్టు కాదు. మీ నానిని ఇరికించడానికి ఇంతకంటే మంచి ఉచ్చు లేదు.

బండి నంబర్లు కూడా అంతే. "ఏపీ 30, అంటే శ్రీకాకుళం బండి" అనే డైలాగు 2019కి ముందు రిజిస్టరైన బండికే సరిపోతుంది. ఆ తర్వాత ఏపీ 39తో మొదలై రాష్ట్రమంతా ఒకే వరస కాబట్టి జిల్లా తెలియదు. ఒడిశాలో మాత్రం ఇంకా తెలుస్తుంది: ఓడీ 20 గజపతి, ఓడీ 18 రాయగడ, ఓడీ 07 గంజాం. ఓఆర్ అని ఉంటే 2012లో ఓడీ రాకముందు బండి.

చివరి ఒప్పుకోలు

మీ క్లైమాక్స్‌లో హంతకుడు స్టేషన్లో ఏడు నిమిషాలు ఏడ్చి అంతా చెప్పేస్తాడు, కేసు గెలుస్తారు. పోలీసు ముందు ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 23. చెల్లే భాగం ఒకటే: అతను చెప్పిన మాట వల్ల కొత్తగా ఏదైనా బయటపడితే ఆ మేరకు. "గొలుసు చెరువుగట్టు చింతచెట్టు కింద పాతాను" అన్నాడు, మధ్యవర్తుల సమక్షంలో తవ్వితే గొలుసు దొరికింది. సోదా, స్వాధీనం వీడియో తీయడం కూడా ఇప్పుడు తప్పనిసరి, బీఎన్‌ఎస్‌ఎస్ 105. కాబట్టి ఏడుపుని నలభై సెకన్లకు కోసి, తవ్వకాన్ని సీను చేయండి. చేత్తో పట్టుకోగల వస్తువు ముందు మాటలు వెలవెలపోతాయి. నార్కో పరీక్ష పెట్టి దాటేద్దామనుకుంటే కుదరదు, మనిషి ఒప్పుకోకుండా అది చేయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది.

అసలు వివరణ మొత్తం అయిదు నిమిషాలు మించకూడదు. మించుతోందంటే ప్రేక్షకుడికి ముందే చెప్పాల్సింది చెప్పలేదని అర్థం.

ఇంటర్వెల్, సైకో, పాటలు

తెలుగు సినిమాకి ఇంటర్వెల్ తప్పదు కాబట్టి దాన్ని తప్పు జవాబుకి వాడండి. అరవై అయిదు, డెబ్బై పేజీల మధ్య నాని అరెస్టవుతాడు, ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది, కేసు ముగిసినట్టే ఉంటుంది. ఆ నిమిషంలోనే అది తప్పని మనకు తెలియాలి, పోలీసుకు తెలియకూడదు. మీ రెండో శవం ఇక్కడ పడటంలో ఇబ్బంది ఏమిటంటే, నాని లాకప్‌లో ఉండగా ఇంకో హత్య జరిగితే అతను నిర్దోషి అని పోలీసుకి కూడా తెలిసిపోతుంది, రెండో సగం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. శవం బదులు పక్కింటామె పుట్టింటి తలుపు తీసుకుని, ఎదురుగా దుబాసీ నిలబడి ఉండటం చూపించండి. రక్తం చుక్క అక్కర్లేదు.

సైకో ఫ్లాష్‌బ్యాక్ మొత్తం తీసేయవచ్చు. చిన్నప్పుడు కొట్టారు కాబట్టి పెద్దయ్యాక చంపాడు అనేది కారణం కాదు, సాకు. మీ దుబాసీకి ఆ అమ్మాయిని చంపడానికి డబ్బో, పరువో, భయమో ఒక మామూలు కారణం చాలు. కొటియా గ్రామాల్లో కథ పెడదామా అని కూడా అడిగారు. సాలూరు, పొట్టంగి మధ్య ఆ ఊళ్ల మీద రెండు రాష్ట్రాల వివాదం 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది, రెండు ప్రభుత్వాలవీ కార్డులున్న మనుషులున్నారు. గొప్ప నేపథ్యం, కానీ అది మరో సినిమా. ఇందులో ఇరికిస్తే రెండూ చెడతాయి.

పాటల గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు, నాని అరెస్టుకి ముందు ఒకటి పట్టవచ్చు.

ఒక చిన్న ఆధారం మిగిలింది, కావాలంటే వాడుకోండి. తెలుగువాళ్లకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడిశాలో చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. కృష్ణాష్టమి మనకి శ్రావణ బహుళంలో, వాళ్లకి భాద్రవంలో. రోజు ఒకటే, నెల పేరు వేరు. చేతిరాత చీటీ మీద తారీకు లేకుండా నెల పేరు, బహుళపక్షం తిథి మాత్రమే ఉంటే, ఎవరు రాశారన్నదాన్ని బట్టి నెలరోజుల తేడా వస్తుంది. బాకీ చీటీ మీద నడిచే కారణానికి ఇది చక్కగా అతుకుతుంది.

తిరగరాశాక పరీక్ష ఇలా చేయండి. అయిదుగురికి ఇవ్వండి, ఇద్దరు ఒడియా బాగా వచ్చినవాళ్లై ఉండాలి. ముప్పై, డెబ్బై, తొంభై అయిదు పేజీల దగ్గర ఆపించి, హంతకుడు ఎవరనుకుంటున్నారో, ఎందుకనుకుంటున్నారో కాగితం మీద రాయించండి. పేరు కంటే "ఎందుకు" ముఖ్యం. పేరు సరిగ్గా రాసి, కారణంగా "నానీ అంటే అక్క కదా" అని రాస్తే మీ ఆధారం పనిచేస్తోంది, దాన్ని ముట్టుకోకండి. "మరీ మంచివాడిలా ఉన్నాడు" అని రాస్తే అతనికి ఇంకా సరిపడా పని ఇవ్వలేదు, ఇరవై నుంచి ముప్పై పేజీల మధ్య అతను లేకపోతే ఆగిపోయే సీను ఇంకొకటి రాయండి.